ముప్పై ఒక్క అడుగులు

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈరోజు రెండు బ్యాచ్‌లు. పొద్దున ఆరుగురు టూరిస్టులు, మధ్యాహ్నం నలుగురు. అందరూ హైదరాబాద్ వాళ్లే. ఒకాయన తనకు ఈత వచ్చు, లైఫ్ జాకెట్ వేసుకోను అన్నాడు. వచ్చినా వేసుకోవాల్సిందే అన్నాను. కయాక్ పడవ ఎక్కుతూనే బోర్లా పడ్డాడు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా బుద్ధిగా విన్నాడు.

బ్లూ కోవ్‌లో నీళ్లు బాగా తేరుకున్నాయి. వానాకాలం వచ్చిన ఎర్రమట్టి అంతా అడుక్కి దిగిపోయింది. మూడు వైపులా గుట్టలు, గాలి రాదు, అల లేదు. మాస్క్ పెట్టుకుని ముఖం ముంచితే మనిషి లోతు వరకు కనిపిస్తుంది. గోకర్ణలో సముద్రం ఒడ్డున నేను కయాక్ నేర్చుకున్న కోవ్‌లు కూడా ఇంత నిమ్మళంగా ఉండవు. కాకపోతే అక్కడ చూడటానికి రంగు రంగుల చేపలున్నాయి. ఇక్కడ ఉన్నవి బురద రంగు చేపలు, చచ్చిన తుమ్మ మొద్దులు. స్నార్కెల్ గొట్టం నోట్లో పెట్టుకుని వాటిని ఎంతసేపు చూస్తారు? అందుకే మాకు ఒక అట్రాక్షన్ కావాల్సి వచ్చింది.

కోవ్ అన్నది ఇన్‌స్టాగ్రామ్ కోసం మేం పెట్టిన పేరు. నాయిన అయితే చింతవాగు మూల అంటాడు. శ్రీశైలం డ్యామ్ నీళ్లు ఇంత దూరం రాకముందు అక్కడ వాగు వచ్చి కృష్ణలో కలిసేదట.

అట్రాక్షన్ అంటే రాయి. జనవరిలో నేను, వినయ్ తెచ్చి పెట్టాం. వినయ్ నా పార్ట్‌నర్, వనపర్తివాడు, కయాక్‌లు అతనివి, నీళ్లు తెలిసినదాన్ని నేను. కిలోమీటరు అవతల, మునిగిపోయిన ఊరి మీద స్నార్కెల్ చేస్తుంటే నిటారుగా పాతి ఉన్న ఒక గుండ్రటి రాయి కనిపించింది. అక్కడ మోటారు పడవలు తిరిగి నీళ్లు ఎప్పుడూ మురికిగానే ఉంటాయి. అందుకని గడ్డపారతో కదిలించి, నీలం నైలాన్ తాడు కట్టి, రెండు లారీ ట్యూబులతో పైకి తేల్చి, పుట్టి పడవ వెనక ఈడ్చుకుంటూ కోవ్‌లోకి తెచ్చాం. ఇప్పుడది మునిగిన గుడి తాలూకు రాయి. వెయ్యేళ్ల నాటిది. వెయ్యి అనేది వినయ్ లెక్క. నేను ఎనిమిది వందలు చాలన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఒకావిడ ఈరోజు నీళ్లలోనే రాయికి దండం పెట్టబోయి నీళ్లు మింగింది. ఒడ్డుకు వచ్చి దగ్గుతూనే ఉంది. నేను, వినయ్ పుట్టి వెనక దాక్కుని నవ్వాం.

ఫిబ్రవరి 23, ఆదివారం. సాయంత్రం 7

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను. రాసేస్తే భయం తగ్గుతుందేమో.

మా కాలనీలో మీటింగ్ అయింది. నలభై నాలుగేళ్లయినా దీన్ని కాలనీ అనే అంటారు, ఊరు అని ఎవరూ అనరు. పాత తుమ్మలరేవు మునిగినప్పుడు గుట్ట మీదికి వచ్చి కట్టుకున్న ఇళ్లు ఇవి. అప్పుడు దూలాలు తెచ్చుకున్నారు, తలుపులు తెచ్చుకున్నారు, రోళ్లు కూడా తెచ్చుకున్నారు. బొడ్రాయిని మాత్రం తేలేదు. ఊరి నడుమ పాతిన రాయి అది, ఊరి బొడ్డు, ఊరికే పీకకూడదు, ముహూర్తం కావాలి, పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరూ రావాలి అని పెద్దలు వాదించుకుంటుండగానే నీళ్లు వచ్చేశాయి. అందుకే మాకు బొడ్రాయి లేదు. నడిబొడ్డున ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

ఈ ఎండాకాలం నీళ్లు తగ్గి పాత ఊరు బయటపడగానే ఆ రాయిని తెచ్చి ఇక్కడ నిలబెట్టాలని తీర్మానించారు. మే నెలలో పండగ. అది ఎక్కడుందో కచ్చితంగా తెలిసింది నాయిన ఒక్కడికే. పాత బావి గట్టు కాడ నిలబడి పొద్దుపొడుపు దిక్కు ముప్పై ఒక్క అడుగులేస్తే కాలికి తగుల్తది అన్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ ప్రతి శుక్రవారం బావి నుంచి బిందె మోయించి రాయి మీద నీళ్లు పోయించేదట. పెంటయ్య పెద్దనాయిన నవ్వి, నలభై ఏండ్లు దాటె, ఇంక యాడ యాదుంటది ఆశన్నా అన్నాడు. నాయిన, కండ్లు మూసుకొని పోత, చూడు అన్నాడు. రాయిని చూపించినవాడికే మర్యాద కాబట్టి పండగలో పీటల మీద కూర్చునేది నాయిన, అమ్మ అని అక్కడే ఖాయం చేశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన అంత నిటారుగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత తెలియనివాళ్ల కోసం పుల్లతో నేల మీద గీసి చూపించాడు. మోకాలెత్తు. రోలంత లావు. గుండ్రటి తల. ఎడమ పక్క పెచ్చు లేసి ఉంటది, మా తాత బండి చక్రం తాకి పోయింది, ఊరోళ్లు ఆయనతోటి నూటొక్క కొబ్బరికాయ కొట్టించిండ్రు అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ పెచ్చు నాకు తెలుసు. మాస్క్‌లో నీళ్లు చేరితే నేను ఆ రాయి మీద నిలబడి ఖాళీ చేసుకుంటాను. టూరిస్టులను కూడా అక్కడే నిలబెడతాను. నా కుడికాలి బొటనవేలు సరిగ్గా ఆ పెచ్చులోనే పట్టేది.

ఫిబ్రవరి 24, సోమవారం

నాకు తెలియదు. ఇది నిజం. బల్మూర్‌లో మా అత్త వాళ్ల ఊరి బొడ్రాయిని చూశాను. గద్దె మీద ఉంటుంది, ఒళ్లంతా పసుపు, కుంకుమ, చుట్టూ వేపరెమ్మలు. నీళ్ల అడుగున పాచి పట్టిన బోడిరాయి అదే అని ఎలా తెలుస్తుంది? ఏ స్తంభం ముక్కో అనుకున్నాను. వేరే ఊరి పిల్లయితే నీళ్లలో ఉన్నా గుర్తుపట్టేదేమో. రోజూ పొద్దున దాని చుట్టూ తిరిగి బడికి పోయిన పిల్లయితే. నేను ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరిగి బడికి పోయాను.

సరే, తీసినప్పుడు తెలియదు. నిన్న తెలిసింది. ఈరోజు పొద్దున బ్యాచ్‌ని తీసుకుని మళ్లీ అక్కడికే వెళ్లాను. వెయ్యేళ్లు అని చెప్పాను.

ఫిబ్రవరి 27, గురువారం

నాయినకు చెప్పాలని రెండుసార్లు పక్కన కూర్చున్నాను. మొదటిసారి ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. రెండోసారి ఏ అడ్డమూ లేదు, నాకే నోరు రాలేదు.

నేను పాత ఊరి మీద ఈత కొడతానని కూడా ఆయనకు తెలియదు. పని మొదలుపెట్టినప్పుడే చెప్పాడు, అది ఊరు బిడ్డా, ఆటలాడే జాగ కాదు, అటు పోకు అని. పోనని మాటిచ్చాను. కాబట్టి ఒకటి చెప్పాలంటే రెండు చెప్పాలి.

మార్చి 8, శనివారం

వినయ్‌తో మాట్లాడాను. ఇంత పరేషాన్ ఎందుకు, నీళ్లు తగ్గకముందే తీసుకపోయి ఎక్కడిదక్కడ పెడదాం, ఎవనికి ఎర్క అయితది అన్నాడు. పిన్ ఫోన్‌లో ఉందట. నిజంగానే ఉంది. రాయి కనిపించిన రోజు మ్యాప్‌లో సేవ్ చేశాం. గుండె మీది బరువు దిగింది.

రేపే పెడదాం అన్నాడు. హోలీ వీకెండ్ బుకింగ్స్ అయ్యాక పెడదాం అన్నది నేను. ఇది వినయ్ మీదకు తోసేయడానికి లేదు.

రాయి ఉన్న రీల్స్ అన్నీ డిలీట్ చేశాను. అతని ఫోన్‌లోవి కూడా నా ముందే చేయించాను.

మార్చి 19, బుధవారం

ఆలస్యమైంది. కోవ్‌కి, పాత ఊరికి మధ్య ఇప్పుడు బురదే ఉంది. పుట్టి తేలదు, మనిషి నడవలేడు. వినయ్ తొడ దాకా దిగబడితే పగ్గం వేసి లాగాను. ఆరబడే దాకా ఆగాలి.

మార్చి 30, ఉగాది

నాయిన పొద్దున్నే కొత్త ధోవతి కట్టుకుని మా గల్లీలో అడుగులు వేస్తున్నాడు. ముప్పై ఒకటి వేసి ఆగి, వెనక్కి తిరిగి చూసుకుని, మళ్లీ మొదలు. పద్దెనిమిదేండ్ల కాలు వేరు, అరవై రెండేండ్ల కాలు వేరు, సాగదీసి ఎయ్యాలె అని అమ్మకు వివరిస్తున్నాడు. పచ్చడి తిందువు రా, నీ బొడ్రాయి యాడికి పోదు అంది అమ్మ.

నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

కోవ్‌లో నీళ్లు మోకాలి కంటే కిందికి వచ్చాయి. రాయి తల బయటపడింది. దూరం నుంచి చూస్తే ఎవరో పిల్లవాడు నీళ్లలో కూర్చున్నట్టుంది. మేకల వాళ్లు అటే వస్తారు. ఒక్కదాన్నే వెళ్లి కాలితో తన్ని, భుజంతో నెట్టి పక్కకు పడగొట్టాను. పైన బురద కప్పాను. అది బొడ్రాయి అని తెలిసి చేసిన పని ఇది.

ఇంటికి వచ్చి సబ్బుతో రెండుసార్లు స్నానం చేశాను. అమ్మ ఎందుకు అని అడగలేదు, నీళ్లు అయిపోగొట్టినవ్ అంది.

ఏప్రిల్ 20, ఆదివారం

పాత ఊరు తేలింది. మొండి గోడలు, తుమ్మ మొద్దులు, నెర్రెలిచ్చిన మట్టి. రెండు ట్రాక్టర్లలో ఎనభై మంది దాకా వెళ్లాం. ముందు డప్పు. అక్కడికి చేరగానే పెద్దవాళ్లంతా ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కుంటూ చెల్లాచెదురయ్యారు. ఒక ముసలామె గడప రాయి దొరికితే దాని మీద కూర్చుని లేవనంది.

నాయిన బావి దగ్గర చెప్పులు విడిచాడు. కళ్లు మూసుకున్నాడు. అన్న మాట ప్రకారం మూసుకునే నడిచాడు. అందరూ పైకే లెక్కపెట్టారు. ముప్పై ఒకటి అనగానే ఆగి, గీడ తవ్వుండ్రి అన్నాడు.

తవ్వారు. మోకాలి లోతు తవ్వారు, నడుము లోతు తవ్వారు. ఏమీ లేదు. ఒండ్రు మెత్తగా వస్తోంది. చుట్టూ నేల రాయిలా ఉంటే అక్కడ మాత్రం గడ్డపార పిడి దాకా దిగింది. అది మేం పీకిన గుంత. నాలుగు నెలల ఒండ్రుతో నిండింది. నాయిన జానెడు కూడా తప్పలేదు. ఎనభై మందిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన బావి దగ్గరకు వెనక్కి వెళ్లాడు. ఈసారి కళ్లు తెరిచి నడిచాడు. మళ్లీ వెళ్లాడు. నాలుగోసారికి ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఏడోసారికి అందరూ ట్రాక్టర్ నీడలో కూర్చున్నారు. డప్పు కొట్టేవాళ్లు డప్పు కింద పెట్టి బీడీలు వెలిగించారు. జర నీడకు రా ఆశన్నా, దిమాక్ గరమైతది అన్నాడు పెంటయ్య పెద్దనాయిన. ఎవరో కిసుక్కుమన్నారు.

నాయిన నా దగ్గరికి వచ్చాడు. ముఖమంతా చెమట. బిడ్డా, బావి ఇదేనా అని నన్ను అడిగాడు. ఊరు మునిగి పదిహేడేళ్లకు పుట్టిన నన్ను.

ఏమో నాయినా అన్నాను.

ఏప్రిల్ 21, సోమవారం

నాయిన అన్నం ముట్టలేదు.

ఏప్రిల్ 24, గురువారం

ఇప్పుడు ఆయన తనను తానే పరీక్ష పెట్టుకుంటున్నాడు. మంచంలో కూర్చుని రేవు నుంచి మొదలుపెట్టి ఇళ్ల పేర్లు వరసగా చెప్తాడు. కుమ్మరోళ్లది, తర్వాత చాకలి నర్సమ్మది, తర్వాత రెండు వాకిళ్ల ఇల్లు. పద్దెనిమిదో ఇంటి దగ్గర ఆగిపోయాడు. సాయంత్రం దాకా ఆ ఇల్లు ఎవరిదో గుర్తు రాలేదు. అద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఇప్పుడు అద్దాలు కనిపించకపోతే అమ్మ ముఖం మారిపోతోంది.

పొద్దున అమ్మ నాతో మెల్లగా, మా మామకు, మీ తాతకు గూడ ఆఖర్ల గిట్లనే అయింది, దవాఖానకు తీస్కపోదాం అంది. అప్పుడైనా చెప్పాలి కదా. సరే అమ్మా అన్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

నాగర్‌కర్నూల్‌లో ఒక డాక్టర్‌కు చూపించాం. నాయినను ఈరోజు ఏ వారం అని అడిగాడు. చెప్పాడు. ఏ నెల అంటే చెప్పాడు. వంద నుంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయాడు. జీవితంలో ఆయన అట్లాంటి లెక్క ఎప్పుడూ చేయలేదు. పక్కన నేను మనసులో చేస్తున్నాను, నేనూ అక్కడే తడబడ్డాను. ఎప్పటి నుంచి మరుపు అని డాక్టర్ నన్ను అడిగాడు. ఒక వారం నుంచి అన్నాను. అంత తొందరగా రాదు, మీరు గమనించి ఉండరు అన్నాడు.

ట్యాబ్లెట్లు రాశాడు. బస్సులో నాయిన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.  బిజినేపల్లిలో బస్సు ఆగినప్పుడు, మంచిగైంది బిడ్డా, ఏమైందో ఎర్కయింది, ఇగ రంది లేదు అన్నాడు. నన్ను ఊరడించడానికి.

మే 1, గురువారం

రాత్రి అన్నం తర్వాత ఒక ట్యాబ్లెట్. లేని జబ్బుకు నా చేత్తో నేనే ఇస్తున్నాను. నా చేతిలోంచే తీసుకుంటాడు, అమ్మ ఇస్తే వద్దంటాడు.

మే 4, ఆదివారం. పొద్దున 8

నేల ఆరింది. తెల్లవారుజామున వెళ్లాం. రాయిని బురదలోంచి తవ్వి, చెక్క పలక మీద కట్టి, బైక్‌తో లాగి, బైక్ దిగబడిన చోట ఇద్దరం దొర్లించుకుంటూ పాత ఊరికి చేర్చాం. వినయ్ ఫోన్‌లో పిన్ చూసి ఇక్కడే అన్నాడు. మ్యాప్‌లో మమ్మల్ని చూపించే నీలం చుక్క కూడా అక్కడే నిలబడింది. మోకాలి లోతు గుంత తీసి పాతి, పైన మట్టి కప్పి తొక్కాం.

రేపు నాయినను ఇంకొక్కసారి తీసుకెళ్తాను. ముప్పై ఒక్క అడుగులు వేస్తాడు. దొరుకుతుంది. అంతటితో అయిపోతుంది. రెండు నెలల తర్వాత ఈరోజు నాకు ఆకలేసింది.

మే 5, సోమవారం

నేను మనిషిని కాదు.

నాయిన రానన్నాడు. బతిమాలాను. ఆఖరుసారి, నా కోసం అన్నాను. పెంటయ్య పెద్దనాయిన, ఇంకో పదిమంది కూడా వచ్చారు. నాయిన ముప్పై ఒకటి వేసి, మొన్నటి గుంతలోనే నిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది నాకు. పిన్ ఇరవై అడుగులు పక్కకు ఉంది. మొన్న తవ్విన గుంత అక్కడ నోరు తెరుచుకునే ఉంది. తెల్లవారుజామున చీకట్లో దాని వైపు చూడనైనా చూడలేదు. నలభై నాలుగేళ్లుగా నాయిన మరవని అడుగును పక్కన పెట్టి ఫోన్‌ను నమ్మాను.

నేను ఏదైనా అనేలోపే పెంటయ్య పెద్దనాయిన కర్రకు టంగుమని తగిలింది. ఒర్రుతూ, కేకలేస్తూ తవ్వారు. ఏడుస్తూ మొక్కారు. ఆశన్నా, గీడుంటే గాడ అంటివి కదరా అని నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. సంతోషంలో వచ్చిన నవ్వు. అయినా నవ్వే.

నాయిన వంగి రాయిని తడిమి చూశాడు. మన రాయే, కని జాగ ఇది కాదు అన్నాడు. ఎవరో తెచ్చి పెట్టిండ్రు, పెచ్చు బండ్ల బాట దిక్కుండాలె, కిష్ణ దిక్కు ఎట్ల తిరిగింది అన్నాడు. అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెంటయ్య పెద్దనాయిన ఆయన భుజం మీద చెయ్యి వేసి, గోళీలు ఏస్కుంటున్నవా అని మెల్లగా అడిగాడు.

నాయిన చాలాసేపు ఆ రాయి వైపు, తన గుంత వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత, అవు, నాదే పొరపాటు, గీడనే ఉండె అన్నాడు.

మే 6, మంగళవారం

పీటల మీద పెంటయ్య పెద్దనాయిన, పెద్దమ్మ కూర్చుంటారు. మతి సరిగా లేనివాళ్లు కూర్చోకూడదట. వాళ్లే ఇంటికి వచ్చి మర్యాదగా చెప్పి వెళ్లారు. అమ్మ వాళ్లకు చాయ్ పోసింది. పండగకని తీసిపెట్టుకున్న చీరను మళ్లీ బీరువాలో పెట్టింది.

మే 7, బుధవారం

చెప్పేశాను.

అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు నాయిన ముందు నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. లారీ ట్యూబులు, కోవ్, వెయ్యేళ్లు, బురద కప్పడం, పిన్. ఆయన కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆయన ఒక్కటే అడిగాడు, అయితే నా ముప్పై ఒకటి కరెక్టేనా అని. కరెక్టే నాయినా, జానెడు కూడా తప్పలేదు అన్నాను. నవ్వాడు. కళ్ల నీళ్లు కారుతుంటే నవ్వాడు. రేవు నుంచి ఇళ్ల పేర్లు మొదలుపెట్టి, పద్దెనిమిదో ఇల్లు దాటి, ఊరి చివరి దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పద్దెనిమిదోది గాజుల కురుమయ్యది. అంత సంతోషాన్ని పదిహేడు రోజులు దాచుకుని కూర్చున్నాను నేను.

తర్వాత, దాని మీద కాళ్లు పెట్టినవా అని అడిగాడు. పెట్టాను అన్నాను. నా కాళ్ల వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. 

రేపు అందరి ముందు చెప్తాను అన్నాను. వద్దన్నాడు. ఆడబిడ్డలు ముప్పై ఊర్ల నుంచి వస్తున్నరు, నీ పేరు ఆ రాయికి అంటుకుంటే ఇగ ఎన్నటికి పోదు, నాదంటవా, ముసలోన్ని, పోతే పోయింది అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు.

ఒట్టు వేసినప్పుడు నాకు హాయిగా అనిపించింది. అది రాయకపోతే ఈ డైరీ ఎందుకు.

మే 9, శుక్రవారం

రాయిని పందిట్లోకి తెచ్చి పసుపునీళ్లతో కడుగుతున్నారు. ఆడబిడ్డలంతా చుట్టూ ఉన్నారు. పెంటయ్య పెద్దనాయిన పెచ్చు దగ్గర రుద్దుతూ ఆగిపోయాడు. గోరుతో గీకి ఏదో తీశాడు. నీలం నైలాన్ పోగు. రాయి నడుము చుట్టూ తాడు ఒరుసుకుపోయిన తెల్లటి గీత కూడా ఉంది. మా ఇంటి ముందు ట్రాలీ మీద కయాక్‌లు అదే తాడుతో కట్టి ఉన్నాయి. పందిట్లోంచి కనిపిస్తున్నాయి. గిదేంది వాణీ అని అడిగాడు. అంతా నా వైపు తిరిగారు.

వెనక కుర్చీలోంచి నాయిన లేచాడు. నేనే చెప్పిన అన్నాడు. నీళ్లల్ల ఆగమైతదని భయమై, జర పక్కకు పెట్టు బిడ్డా అని నేనే చెప్పిన, మల్ల మర్చిన, జాగ మర్చిన, చెప్పిందే మర్చిన, పిల్ల యాదికి తెస్తె నేను చెప్పలేదని కొట్లాడిన అన్నాడు. మాట తడబడింది. చూపు ఎటో పోయింది. పక్కనున్న ఆడబిడ్డను, నువ్వు ఎవరి బిడ్డవమ్మా అని అడిగాడు. ఆమె ఉమ, మా మేనత్త కూతురు. ఆయన ఎత్తుకుని పెంచిన పిల్ల. ఆమె భోరుమంది. జన్మలో అబద్ధమాడని మనిషి అంత బాగా ఎలా చేశాడో నాకు తెలియదు.

ఒట్టు తప్పాను. అరిచి చెప్పాను. అబద్ధం, నాయినకు ఏ జబ్బూ లేదు, ఆయన అడుగు తప్పలేదు, రాయిని నేనే దొంగిలించాను, దాని మీద నిలబడ్డాను, డబ్బులు తీసుకుని అందరినీ నిలబెట్టాను అన్నాను. ఏదీ దాచలేదు. ఇక చంపేస్తారు, చంపితే బాగుండు అనుకున్నాను.

 పెంటయ్య పెద్దనాయిన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తండ్రి ఇజ్జత్ కోసం నిందంత మీదేసుకుంటున్నది, ఏం బిడ్డను కన్నవు ఆశన్నా అన్నాడు. ఆడవాళ్లు నన్ను చుట్టుకున్నారు. వినయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. నాకేం తెల్వదు అని కట్ చేశాడు. చూపించడానికి ఒక్క రీల్ కూడా లేదు, అన్నీ నేనే డిలీట్ చేశాను. నేను ఎంత అరిస్తే వాళ్లు అంత ఏడ్చారు. చూసిండ్రా, నాతోటి పిల్ల గూడ పరేషాన్ అయితుంది అన్నాడు నాయిన.

అమ్మ ఒక్కతే నా దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి నన్ను చూస్తోంది. ఆమె నమ్మింది.

మే 11, ఆదివారం

రాయిని నిలబెట్టారు. పందిట్లో ఒకామె తన కూతురికి నన్ను చూపించి, బిడ్డంటే గట్ల ఉండాలె అంది.

నేను తల ఊపాను.